గుమ్మంలో దగ్గు

"ఈసారి మాత్రం నువ్వు దగ్గకూడదు" అన్నాడు మా ఆయన.

నేను ముందు గది తుడుస్తున్నాను. గోడ అడుగున, నేలకి జానెడు ఎత్తులో, ఒక ఇనప కొక్కెం ఉంది. అదక్కడ ఎందుకుందో ఎవరూ చెప్పరు. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ తడిగుడ్డ దానికి చిక్కుకుంటూనే ఉంది, నా కాలివేలు దానికి కొట్టుకుంటూనే ఉంది. పీకేయమంటే "నాన్నగారి నాటిది, దాని మానాన దాన్ని ఉండనీ" అంటాడాయన. ఆ రోజూ గుడ్డ చిక్కుకుంది. విడదీసుకుంటూ తలెత్తి, "నేను దగ్గకపోతే మీకెలా తెలుస్తుంది?" అన్నాను.

"అదే ఆలోచిస్తున్నా" అన్నాడు. అన్నాడే గానీ, అప్పటికే ఆలోచించేశాడని ఆయన గొంతే చెప్పింది.

కొత్తగా వినేవాళ్ళకి ఈ సంభాషణ పిచ్చివాళ్ళ మాటల్లా ఉంటుంది. మాది విల్లులు చేసే ఇల్లు. పోతపోసి బిగించేవి కావు, ఒకే కర్రని చెక్కి చేసే పాతకాలపు విల్లులు. మంచం కింద ఎండుతున్న కర్రలు, బీరువా వెనక ఎండిన కర్రలు, దిండు దులిపితే కర్రపొట్టు. దుంగ చీల్చడం, రెండు పిడుల కత్తితో బెరడు ఒలవడం, చెట్టు ఒక ఏడాది పెరిగిన పొర ఎక్కడా తెగకుండా విల్లు వీపంతా, అంటే బయటి వైపంతా, తేల్చడం మా ఆయన పని. అందులో ఆయనకి వంక పెట్టను. ఒళ్ళు దాచుకునే మనిషి కాదు. కానీ అప్పటికి అది ఇంకా కర్రే. కర్ర విల్లయ్యేది వంపు చూసే దగ్గర.

ముందు గది గోడకి తలకన్నా ఎత్తులో ఒక కొయ్య మొద్దు బిగించి ఉంటుంది. విల్లుని దాని మీద అడ్డంగా ఆనిస్తాం. నారి కిందికి వేలాడుతుంది. నారికి తాడు కట్టి, ఒకరు సరిగ్గా విల్లు కింద నిలబడి కిందికి లాగుతారు. పిడికి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ ఒకదాని బొమ్మ ఒకటి అద్దంలో చూసుకుంటున్నట్టు వంగాలి. బిగుసుకున్న చోట లోపలి వైపు కాస్త గీకాలి. మరీ మెత్తగా వంగుతున్న చోట ఇంక కత్తి తగలకూడదు. మెత్తబడ్డ చోటు చూసుకోకుండా లాగితే అక్కడ మడత పడుతుంది. మడత పడిందంటే ఆ విల్లు పని అయిపోయినట్టే, ఇవాళ కాకపోతే రేపు అక్కడే విరుగుతుంది. ఇదంతా లాగేవాళ్ళకి కనిపించదు. వాళ్ళ నెత్తి మీద ఉంటుంది విల్లు. మెడ రిక్కించి చూస్తే గడ్డం కింది భాగం చూసి మనిషి అందం చెప్పినట్టుంటుంది. దూరం నుంచి చూడాలి. మా గదిలో దూరమంటే వంటింటి గుమ్మం. గుమ్మంలో ఉండేది నేను.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు గొడవే లేదు. ఆయన లాగుతాడు, నేను చెబుతాను. "ఎడమ పక్క, చివరికి బెత్తెడు ఇవతల, బిగుసుకుంది." దింపుతాం. బొగ్గుముక్కతో గుర్తు పెడతాను. గీకేది కూడా చాలాసార్లు నేనే, పొయ్యి మీద గిన్నె ఉడుకుతుండగా, గుమ్మంలో ముక్కాలి పీట వేసుకుని. మళ్ళీ ఎక్కిస్తాం, మళ్ళీ లాగుతాం. ఒక్కో విల్లుకి రోజులు, కొన్నిటికి నెలలు పడతాయి. అసలు చిక్కంతా ఎవరైనా చూడవచ్చినప్పుడే.

ఎందుకంటే మా ఆయన కళ్ళు మూసుకుని విల్లు చేసే మనిషి. ఊరూ వాడా చెప్పుకునే మాట ఇది. ఆయన నాన్నగారు కూడా కళ్ళు మూసుకునే చేశారట. వచ్చినవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, మా ఆయన తాడు చేతికి చుట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా లాగుతాడు. సరిగ్గా ఆగవలసిన చోట ఆగుతాడు. కళ్ళు తెరవకుండానే "కుడి రెక్క బిగుతుగా ఉంది" అంటాడు. చేతికే కళ్ళున్నాయి మహానుభావుడికి అని వాళ్ళు తలలాడిస్తారు. అదే సమయంలో, టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్యకి ఒకసారి పొడి దగ్గు వచ్చిందన్న సంగతి ఎవరి లెక్కలోకీ రాదు. ఒక దగ్గు, కుడి. రెండు దగ్గులు, ఎడమ. గొంతు సవరించుకుంటే, ఇక లాగకు.

నడివయసు ఆడది దగ్గితే ఎవరు పట్టించుకుంటారు? మా ఆడపడుచుకి తప్ప ఎవరికీ అనుమానం రాలేదు. ఆవిడదీ అనుమానం కాదు, ఎగతాళి. "మా వదినకి మొగుడు పని మొదలుపెడితే చాలు గొంతులో కిచకిచ. అన్నయ్యకి పేరొస్తుంటే ఓర్వలేక దగ్గుతుందేమో!" అని పదిమందిలో అంది. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదో చెప్పాల్సి వస్తుందని.

నేను విల్లుల ఇంట్లో పుట్టలేదు. మా నాన్న దర్జీ. కుట్టిన చొక్కాని తలుపు మీద వేలాడదీసి నన్ను గది ఆ చివరికి పంపేవాడు. "దగ్గర నుంచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. అక్కణ్ణుంచి చెప్పు, ఏ చెయ్యి పొడుగు?" అనేవాడు. నేను చెప్పిందాన్ని బట్టి కుట్లు విప్పేవాడు. చొక్కా కోసం వచ్చినవాళ్ళతో "కుట్టింది నేను, చూసింది మా అమ్మాయి" అనేవాడు. అందులో గొప్పేమీ ఉన్నట్టు నాకప్పుడు తెలియదు. ఎవరి పని వాళ్ళదని చెప్పడం అన్నం తిన్నంత మామూలు విషయమనుకున్నాను.

ఇక్కడ నన్ను పరిచయం చేసే మాట ఇది: "మా ఆవిడ. ఇంట్లోనే ఉంటుంది." ఇంట్లోనే ఉంటాను, నిజమే. విల్లులు మరి ఎక్కడ తయారవుతున్నాయి, ఆకాశంలోనా?

ఇంతకీ దగ్గవద్దనడానికి కారణం, పోయినసారి వచ్చిన వాళ్ళెవరో ఫోనులో వీడియో తీసి పదిమందికీ పంచారు. మా ఆయన కళ్ళు మూసుకుని లాగుతున్నాడు, ఎంతో గంభీరంగా ఉంది. మధ్యలో నా దగ్గు. కింద జనం రాసిన వాటిల్లో సగం దాని మీదే. ఎవరీవిడ, ఎవరైనా మందు ఇప్పించండి, అంత గొప్ప పనిలో ఈ గోలేమిటి, బయటికి పంపించొచ్చుగా. మా ఆడపడుచు నిజంగానే దగ్గుమందు సీసా పంపింది. అది అటక మీద ఉంది.

ఇప్పుడు విలువిద్య శిక్షణ కేంద్రం వాళ్ళు కెమెరాలతో వస్తున్నారు. నచ్చితే మా ఆయన్ని తమ పిల్లలకి విల్లు చేయడం నేర్పే గురువుగా పెట్టుకుంటారు. అందుకే దగ్గు పనికిరాదు.

"మన పిల్ల ఉందిగా" అన్నాడాయన, రెండో రోజు నేను బట్టలు తడుపుతుంటే. "కిటికీ దగ్గర పుస్తకం పెట్టుకుని కూర్చుంటుంది. పెన్సిలుతో బల్ల మీద టక్కుమని కొడుతుంది. చదువుకునే పిల్ల పెన్సిల్ ఆడిస్తే ఎవరు చూస్తారు?"

నా చేతుల్లో బట్ట అలాగే ఉండిపోయింది.

మా పిల్లకి పద్నాలుగేళ్ళు. ఆ మధ్య నా వెనక నిలబడి, నా భుజం మీంచి తొంగి చూసి, "అమ్మా, ఎడమది బద్ధకంగా వంగుతోంది" అంది. నేను చెప్పబోతున్న మాటే. బద్ధకంగా అన్న పదం మాత్రం దానిది. ఎవరూ నేర్పలేదు. గుమ్మంలో నిలబడి నిలబడి నా కళ్ళు నేర్చుకున్నది, అది పాలతో తాగినట్టు వచ్చేసింది. ఆ పూట నాకెంత సంతోషమేసిందో! దాని తల నిమిరి "మళ్ళీ చూడు" అన్నాను. ఆ సంతోషం మా ఆయనతో పంచుకున్నది నేనే. "మన పిల్లకి కన్నుంది తెలుసా?" అని నేనే చెప్పాను. దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆయనకి ఆ క్షణమే తట్టి ఉంటుంది.

"వద్దండీ. దాన్ని ఇందులోకి దించకండి" అన్నాను.

"ఇందులోకంటే? బురదలోకా? తండ్రి పనిలో సాయం చేస్తే తప్పా? నువ్వు చేయట్లేదూ?"

సాయం. ఈ ఇంట్లో నేను చేసే ప్రతిదానికీ ఒకటే పేరు. గీకితే సాయం, నూనె పట్టిస్తే సాయం, నారి పేనితే సాయం. నా అరచేతుల్లో కాయలు కాచింది సాయం చేసే. పని మాత్రం ఎప్పుడూ ఆయనది.

పిల్ల మాత్రం ఎగిరి గంతేసింది. నాన్న తనకి పని చెప్పాడు! పెన్సిలు పట్టుకుని టక్కు, టక్కుటక్కు అని సాధన చేసింది. సాయంత్రం భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "నాన్నా, మరి చూసింది నేనని వాళ్ళకి ఎప్పుడు చెబుతారు?" అని అడిగింది.

మా ఆయన హాయిగా నవ్వాడు. "తెలియకూడదనే కదే పిచ్చిమొహమా, ఈ పెన్సిలంతా!"

అది కూడా నవ్వబోయింది. సగంలో ఆపి నా వైపు చూసింది. తను నవ్వాలో వద్దో నన్నడుగుతున్నట్టు. నేను పళ్ళెంలోకి చూశాను. నేను నవ్వానా లేదా అన్నది దానికి పాఠం అవుతుందని తెలిసీ, నా మొహం ఎటు పెట్టుకోవాలో నాకు తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళాను. మా పెరడు ఇరుకు. అవతలి గోడకి ఒక గిలక వేలాడుతుంటుంది, దాని చుట్టూ తిరిగొచ్చే తాడు. గడపలో నిలబడి తాడు లాగుతుంటే బట్టలు కీచుమంటూ అవతలికి పోతాయి. మా అత్తయ్య ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఆవిడకి కళ్ళు మసకబారి చాలా కాలమైంది. చెవులు మాత్రం పాము చెవులు.

"ఏంటమ్మాయ్, తాడుని చంపేస్తున్నావ్? కోపం మా వాడి మీదా, దుప్పటి మీదా?"

"మీ మనవరాలి చేత పెన్సిల్ కొట్టిస్తారట అత్తయ్యా. నా దగ్గు పనికిరాదట."

ఆవిడ చేత్తో కుర్చీ కోడు మీద టంగుమని కొట్టింది. "నాది గరిటె" అంది.

"ఏమిటి?"

"నేను గరిటె మోగించేదాన్ని. వంటింటి గుమ్మానికి వేసి. ఒకటి కొడితే కుడి, రెండు కొడితే ఎడమ. వచ్చినవాళ్ళు, పాపం ఆవిడ వంటలో ఎంత హడావుడిగా ఉందో అనుకునేవాళ్ళు." ఆవిడ నోరు నవ్వింది, మొహం నవ్వలేదు. "నీకు దగ్గు నేర్పింది మా వాడు. వాడికి నేర్పింది వాళ్ళ నాన్న. గరిటెయితే చప్పుడెక్కువన్నారు తండ్రీకొడుకులు."

నేను తడిబట్టల బకెట్ పక్కనే కూర్చున్నాను. ఇన్నేళ్ళ నుంచి ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకే గుమ్మంలో నిలబడ్డాం. ఆవిడకి ముందు నుంచీ తెలుసు. నేను దగ్గుతుంటే లోపలి గదిలో పడుకుని వింటూనే ఉంది.

"మరి మామయ్యగారు నిజంగా కళ్ళు మూసుకునే..."

"ఒకసారి కంట్లో నలక పడింది" అంది అత్తయ్య. "కర్రపొట్టు. మంటకి కళ్ళు మూసుకున్నారు, తాడు చేతిలో ఉంది. చూడ్డానికొచ్చినాయన ఎవరో చేతులెత్తి దండం పెట్టాడు. అంతే, ఆ తర్వాత మనుషుల ముందు తెరిస్తే ఒట్టు."

ఇద్దరం నవ్వాం. నవ్వి నవ్వి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎప్పుడు అవి నవ్వు నీళ్ళు కాకుండా పోయాయో తెలియలేదు. ఒక నలక. ఒక మనిషి కంట్లో నలక పడిందని, ఇద్దరు ఆడవాళ్ళు బతుకంతా గుమ్మంలో నిలబడ్డారు. ఇప్పుడు మూడోది పెన్సిల్ పట్టుకుని తయారవుతోంది.

"మీరెప్పుడూ ఏమీ అనలేదా?"

"అనలేదు. చేశాను." ఆవిడ చెయ్యి చాపి గాలిలో గోడ వైపు చూపించింది. సరిగ్గా అటే చూపించింది, కళ్ళు కనిపించకపోయినా. "ఆ గిలక నాది. మన ముందు గదిలో, మొద్దుకి సరిగ్గా కింద, గోడ అడుగున కొక్కెం ఉందే, అది కొట్టించింది నేను. గిలకని దానికి తగిలించి, తాడు అందులోంచి తిప్పి తెచ్చుకుంటే గుమ్మంలో నిలబడే లాగొచ్చు. లాగేది మనమే, చూసేది మనమే. రెండో మనిషి అక్కర్లేదు. నాకు తోచి నేను పెట్టాను."

"పెడితే?"

"మీ మామయ్య ఊరి నుంచి వచ్చి చూశారు. గిలకతో చేసేది విద్యే కాదు, చేత్తో లాగాలి, మా వంశంలో అలాంటి పాపిష్టి పని ఎవరూ చేయలేదన్నారు. పీకి పెరట్లో విసిరారు. వృథాగా పోవడమెందుకని నేను బట్టలకి కట్టాను." ఆవిడ మళ్ళీ కుర్చీ కోడు మీద వేలితో కొట్టింది, మెల్లగా. "చేత్తో లాగడమే విద్యట. నిజానికి ఆయనకి తెలిసిపోయిందమ్మాయ్. గిలకుంటే నేను అక్కర్లేదని కాదు ఆయన భయం. తను అక్కర్లేదని."

అవతలి గోడ దగ్గర గిలక గాలికి కొంచెం ఊగింది. దాని మీద రోజూ నేను ఈ ఇంటి మురికి ఉతికి ఆరేస్తున్నాను. కొక్కేనికి రోజూ నా కాలివేలు కొట్టుకుంటోంది. రెండూ ఒకదానికొకటి పుట్టినవని, వాటిని విడదీసి ఒకదాన్ని పెరట్లో, ఒకదాన్ని గదిలో పెట్టారని నాకెవరు చెప్పాలి?

శిక్షణ కేంద్రం వాళ్ళు పొద్దున్నే వచ్చారు. పెద్దాయన, కెమెరా పట్టుకున్న ఆయన, బాణాలు వేసే కుర్రకారు కొందరు. వాళ్ళలో జుట్టు కత్తిరించుకున్న ఒక అమ్మాయి గోడ మొద్దునీ, తాడునీ కళ్ళు చిట్లించి చూస్తోంది. మా ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. గోడ మీద ఉన్న విల్లు, వానలు మొదలు కాకముందు నుంచి నేను చేస్తున్నది. కుడి రెక్కలో చిన్న ముడి ఉంది, చెట్టుకి కొమ్మ మొలిచిన చోటు. అక్కడ కర్ర తిక్కగా ఉంటుంది. ఆ ముడి చుట్టూ ఎంత మేర గీకాలో, ఎక్కడ కత్తి ఆపి గరుకు కాగితానికి దిగాలో నా వేళ్ళకి తెలుసు. ఇంకా పూర్తి కాలేదు. పూర్తి లాగుకి అది సిద్ధంగా లేదని ముందు రోజే చెప్పాను. "సగం దాకే లాగుతాలే" అన్నాడాయన.

పిల్ల కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుంది. పుస్తకం తెరిచి ఉంది, పేజీ తిప్పడం లేదు.

"మా ఆవిడ" అన్నాడు మా ఆయన నన్ను చూపించి. "ఇంట్లోనే ఉంటుంది."

నేను గుమ్మంలో నిలబడ్డాను. దగ్గవద్దన్నాడు గానీ అక్కడ నిలబడవద్దనలేదు.

ఆయన తాడు చేతికి చుట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కుర్రాళ్ళు ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. కెమెరాలో ఏదో గుయ్‌మంటోంది. విల్లు వంగింది. సగం దాకా బాగుంది. పిల్ల ఇక ఆపమన్నట్టు టక్కుమని కొట్టింది. నాకు వినిపించింది. మా ఆయన ఆగలేదు. పెద్దాయన "ఆహా!" అన్నాడు. ఆ ఆహాతో మా ఆయన భుజాలు ఇంకాస్త పొంగాయి. ఇంకా లాగాడు. పిల్ల మళ్ళీ కొట్టింది. ముడి పక్కన వంపు గుండ్రంగా రాకుండా మోచేతిలా తిరగబోతోంది. ఇంకొక్క బెత్తెడు, అంతే.

"ఆపండి!" అని అరిచాను.

గది గదంతా నా వైపు తిరిగింది. మా ఆయన కళ్ళు తెరిచాడు, తాడు వదులు చేశాడు. విల్లు మెల్లగా తన ఆకారానికి వచ్చింది. మడత పడలేదు. అది చూశాకే నేను ఊపిరి వదిలాను.

"ఆడవాళ్ళకి చప్పుడంటే భయం కదండీ" అన్నాడు మా ఆయన నవ్వుతూ. "కర్ర కిర్రుమంటే చాలు, వీళ్ళ గుండె జారిపోతుంది."

అందరూ నవ్వారు. జుట్టు కత్తిరించుకున్న అమ్మాయి మాత్రం, "చప్పుడేం రాలేదు కదండీ?" అంది. "టీ తాగి మళ్ళీ తీద్దాం" అన్నాడు పెద్దాయన.

నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాను. వెనకాలే పిల్ల రెక్క పట్టుకుని మా ఆయన వచ్చాడు. గొంతు తగ్గించి, పళ్ళ మధ్య నుంచి, "నిద్రపోతున్నావా?" అన్నాడు దాన్ని.

"కొట్టాను నాన్నా. రెండుసార్లు కొట్టాను. వాళ్ళు మాట్లాడుకుంటున్నారు, మీకు వినపడలేదు."

"గట్టిగా కొట్టాలి."

"గట్టిగా కొడితే వాళ్ళకి వినిపిస్తుందని మీరేగా..."

"నాకు వినపడాలి, వాళ్ళకి వినపడకూడదు. మీ అమ్మకి ఇన్నేళ్ళూ ఎలా కుదిరింది? చూసి నేర్చుకో!"

పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. ఏడవడం లేదు. ఏడుపు కూడా వాళ్ళకి వినపడుతుందని బిగబట్టుకుంది. ఎంత బాగా బిగబట్టుకుందో! పెదవి కొరుక్కుని, గడ్డం వణక్కుండా, చప్పుడు రాకుండా. ఒక్క పూటలో నేర్చేసుకుంది. నాకు దగ్గడం నేర్చుకోవడానికి ఇంతకన్నా ఎక్కువ కాలమే పట్టింది.

నేను పొయ్యి ఆర్పేశాను.

"ఎక్కడికి? టీ?" అన్నాడాయన. నేను అప్పటికే పెరట్లో ఉన్నాను.

ముక్కాలి పీట లాగి గోడ దగ్గర వేసుకున్నాను. తాడు మీద పొద్దున ఆరేసిన బట్టలున్నాయి, ఆయన చొక్కాలే ఎక్కువ. తీసి, ఎండలో కుర్చీలో ఉన్న అత్తయ్య ఒళ్ళో వేశాను. తాడు ముడి విప్పాను, ఎండకీ వానకీ బిగిసి రాయిలా ఉంది, గోరు విరిగింది. గిలక కడియాన్ని మేకు నుంచి ఎత్తి తీశాను. తుప్పు పట్టిందనుకున్నాను గానీ, రోజూ తిరుగుతూ ఉన్నది కదా, లోపల నున్నగా మెరుస్తోంది. వంటింట్లోకి వచ్చి ఇరుసులో రెండు చుక్కల నూనె వేశాను, విల్లులకి పట్టించే నూనే.

"అమ్మాయ్" అంది పెరట్లోంచి అత్తయ్య. "కొక్కేనికి తగిలించాక ఒకసారి గట్టిగా గుంజి చూసుకో. నేను కొట్టించినప్పుడు కొత్తది."

ముందు గదిలో వాళ్ళు ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నారు. నేను వాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళి, నేల మీద మోకాళ్ళేసి, గిలక కడియాన్ని కొక్కేనికి తగిలించాను. అందులోకి అది సరిగ్గా కూర్చుంది, ఇంటికొచ్చిన మనిషిలా. గుంజి చూశాను. కదల్లేదు. నారికి ఉన్న పొట్టి తాడు విప్పి బట్టల తాడు కట్టాను. గిలక లోంచి తిప్పి, నేల మీదుగా పరుచుకుంటూ గుమ్మం దాకా తెచ్చుకున్నాను.

మా ఆయన ఇంకా వంటింట్లోనే ఉన్నాడు. గుమ్మంలో ఉన్న నన్ను దాటితే గానీ గదిలోకి రాలేడు. నా చెవి దగ్గరికి వచ్చి, "ఏమిటీ వేషాలు? వాళ్ళ ముందు పరువు తీస్తావా? మా ఇంట్లో గిలక పెట్టరు" అన్నాడు, పెదాలు కదలకుండా.

"పెట్టారు. అత్తయ్యగారు పెట్టారు" అన్నాను, గదంతా వినపడేలా. నా గొంతు నాకే కొత్తగా ఉంది. దగ్గి దగ్గి దాన్ని అరగదీశాననుకున్నాను, అరగలేదు.

"ఈ విల్లు ఇంకా పూర్తి కాలేదండీ" అన్నాను పెద్దాయనతో. "కుడి రెక్కలో ముడి ఉంది. దాని పక్కన మెత్తబడింది. ఇందాక ఇంకాస్త లాగి ఉంటే మడత పడేది. వంపు చూడాలంటే కళ్ళు తెరుచుకోవాలి. తెరుచుకుని ఇక్కడ నిలబడాలి. ఇన్నాళ్ళూ నేనిక్కడ నిలబడి దగ్గుతున్నాను. మా అత్తయ్యగారు గరిటె కొట్టేవారు."

ఎవరూ నవ్వలేదు. జుట్టు కత్తిరించుకున్న అమ్మాయి లేచి వచ్చి గుమ్మం పక్కన, నా చూపు ఎక్కణ్ణుంచి పోతోందో అక్కణ్ణుంచి గోడ వైపు చూసింది. "నేనూ చూడొచ్చా అండీ?" అంది.

"చూడమ్మా. బుజ్జీ, నువ్వూ రా" అని పిల్లని పిలిచాను. అది కళ్ళు తుడుచుకుని వచ్చింది. చేతిలో ఇంకా పెన్సిల్ ఉంది. "అది అక్కడ పడేసి రా. నోటితో చెబుదువుగాని."

తాడు బిగించాను. రోజూ తడిదుప్పట్లు లాగిన చేతులు, వాటికి ఈ బరువు కొత్త కాదు. గిలక కీచుమనలేదు. గోడ మీద విల్లు నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు మెల్లగా వంగింది.

"కుడిది ముడి దగ్గర తొందరపడుతోంది. ఎడమది బద్ధకంగా ఉంది" అంది పిల్ల, పెద్దగా.

"ఔను" అన్నాను. "ఏం చేయాలి?"

"ఎడమది గీకాలి. కుడి దాని జోలికి పోకూడదు."

కెమెరా ఆయన ఎవరి వైపు తిప్పాలో తెలియక ముగ్గురి వైపూ తిప్పాడు. మా ఆయన ఎప్పుడొచ్చాడో, నా పక్క నుంచి దూరి, అలవాటైన చోటికే వెళ్ళి సరిగ్గా విల్లు కింద నిలబడ్డాడు. అక్కడ ఆయన పట్టుకోవడానికి ఏమీ లేదు. రెండు చేతులూ ఒట్టిగా వేలాడుతున్నాయి.

"మరి నేను ఎక్కడ నిలబడాలి?" అన్నాడు.

తాడు వదలకుండానే చెప్పాను.

"ఎక్కడైనా. విల్లుకి అడ్డం లేకుండా."